యోగక్షేమ విచారము

పూర్వము మన యిండ్లలో ఉత్తరము వ్రాయువారు "ఇచ్చట మేమందఱము క్షేమము, అచ్చట మీ యోగక్షేమములు తెలియగోరెదము" అని మొదట వ్రాసి, అటుపిమ్మట గాని అసలు సంగతి యెత్తుకొనెడివారు కారు. పెండ్లి వర్తమానమైనను, పొలము తగవైనను ముందు ఆ వాక్యము నిలువవలసినదే. నిత్యము వాడుటచేత ఆ మాట పాతనాణెమువలె అరిగిపోయినది. దానిపై ముద్ర యేమున్నదో చూచువారు లేరు. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టినపుడు నాకు ఆ ముద్ర మరల కనబడినది. అందువలననే ఈ విచారమునకు పూనుకొంటిని.

యోగమనగా లేనిదానిని పొందుట. క్షేమమనగా పొందినదానిని కాపాడుకొనుట. గీతాశాస్త్రమునందు తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు, అనన్యచిత్తులై తన్ను ఉపాసించువారి యోగక్షేమములను తానే వహింతునని మాట యిచ్చెను. శంకరభగవత్పాదులు ఆ రెండు పదములకు పైన చెప్పిన అర్థమునే చూపిరి. భగవద్రామానుజులు ఇంకను లోనికి పోయిరి. భగవంతుని పొందుటయే యోగమనియు, పొందినవాడు మరల సంసారములోనికి తిరిగి రాకుండుటయే క్షేమమనియు వారి భాష్యము. తిరిగి రాకుండుట! ఎక్కినవాడు జాఱకుండుట! పాఠశాలలో మా గురువుగారు ఈ పంక్తిని చెప్పినపుడు వల్లించితినే గాని, దాని బరువు నాకు అఱువది యేండ్లకు గాని తెలియలేదు.

ఇక లోకవ్యవహారమునకు వత్తము. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితియందలి 193 దేశములు కూడి ఒక సంకల్పము చేసికొన్నవి. దానికి సుస్థిరాభివృద్ధి లక్ష్యములని పేరు. లక్ష్యములు 17, వానిలో ఇమిడియున్న ఉపలక్ష్యములు 169, గడువు 2030వ సంవత్సరము. ఆకలి, దారిద్ర్యము తొలగవలెను, ప్రతి బిడ్డయు చదువవలెను, రోగికి వైద్యము, దప్పిగొన్నవానికి మంచినీరు అందవలెను, నేలయు నీరును అడవియు మన మనుమలకు కూడ మిగులవలెను. సంకల్పములో దోషము లేదు. ఆ పేరునే తీసికొని చూడుడు. అభివృద్ధి యనునది యోగము. సుస్థిరమను విశేషణము క్షేమము. పేరు పెట్టినవారికి రెండును తెలియును. ఆచరించువారు మాత్రము అభివృద్ధిని పట్టుకొని విశేషణమును విడిచిరేమో యని నా సందేహము.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించెను. ఆ యొక్క సంవత్సరములోనే సుమారు ఏడుకోట్లమంది క్రొత్తగా కటిక దారిద్ర్యములో పడిరని ప్రపంచ బ్యాంకు పిమ్మట లెక్క కట్టినది. రెండు దశాబ్దములుగా తగ్గుచు వచ్చిన దారిద్ర్యము మరల పెరుగుట అదియే మొదలు. దారిద్ర్య నిర్మూలనమున నాలుగేండ్లకు పైబడిన శ్రమ తుడిచిపెట్టుకొని పోయినదని 2022లో ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పినది. బడులు మూతపడి నూటయేబది కోట్ల పైచిలుకు పిల్లలు ఇంట కూర్చుండిరి. శిశువుల కిచ్చు సాధారణపు టీకాలు 2021లో రెండున్నర కోట్లమంది బిడ్డలకు సరిగా అందలేదు. కరోనా టీకా యనగా వేఱు సంగతి కాదు, పూర్వమునుండి ఇచ్చుచున్న కంఠసర్పి, కోరింత దగ్గు, తట్టు మొదలగువాని టీకాలే. క్షయరోగ మరణములు పదేండ్లకు పైగా తగ్గుచుండి 2020లో మరల పెరిగినవి. ఒక రోగమును చూచుకొనుచు తక్కిన రోగములను మఱచితిమన్నమాట.

ఇవన్నియు లెక్కలు. కోటి యనగా నాలుక పలుకును గాని మనసున కందదు. కావున మా ఊరి సంగతి చెప్పెదను.

మా ఉప్పునుంతల ఇప్పుడు నాగరకర్నూలు జిల్లాలోనిది. 2016కు పూర్వము మహబూబునగరము జిల్లాలో ఉండెను. పాలమూరు కూలీలన్న పేరు దేశమంతట ఎఱిగినదే. ఆనకట్టలైనను, కాలువలైనను, నగరములలో మేడలైనను, వారి చెమట పడని కట్టడములు తక్కువ. వానలు పడనియెడల, పడినను అప్పు తీఱనియెడల, మేస్త్రీయొద్ద ముందుగా బయానా తీసికొని భార్యాభర్తలు బొంబాయికో, పూనాకో, హైదరాబాదుకో పోవుదురు. ముసలివారును పిల్లలును ఊర నుందురు. కొందఱు పిల్లలను కూడ వెంటగొని పోవుదురు. ఇట్లు పోయినవారిలో పలువురు ఇటీవలి యేండ్లలో కొంచెము నిలదొక్కుకొనిరి. రేకుల ఇండ్లు వేసికొనిరి, పిల్లలను బడికి పంపిరి. ఇది వారి యోగము.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినది. పని ఆగినది, కూలి ఆగినది, రైలు ఆగినది. పనికై ఊరు విడిచినవారి దుఃఖమున కెల్లలు లేవనుటకు ఒకటే నిదర్శనము. మనవారు పొరుగుదేశమున చిక్కుకొన్నట్లే, పొరుగువారు మన దేశమున చిక్కుకొనిరి. సంగారెడ్డి చెంత కందిలో కట్టడపు పనికై వచ్చిన జార్ఖండు కూలీలు సుమారు 1,200 మందిని ఎక్కించుకొని మే 1వ తేదీన లింగంపల్లి నుండి హతియాకు బండి బయలుదేఱినది. దేశములో వలస కూలీలకై నడచిన మొదటి రైలు అదియే. అంతకుముందు నెలకు పైగా ఎందఱో కాలినడకనే పోయిరి. తలమీద మూట, భుజముమీద బిడ్డ. వహించుట యను క్రియకు అర్థము నేను నిఘంటువులో చూడవలసిన పని ఆ వేసవిలో లేకపోయెను.

మా వీధికి రెండవ వీధిలోని ఒక కుటుంబము మే నెలాఖరున పూనానుండి వచ్చినది. భార్య, భర్త, ఏడవ తరగతి చదువు కూతురు. ఊరివారు వారిని ఊరి వెలుపల పొలములోని కొట్టములో పదునాలుగు దినము లుంచిరి. అది తప్పని నే ననను. రోగము అంటునట్టిది, జాగ్రత్త పడుట ధర్మమే. గడువు ముగిసి వారు ఇంటికి వచ్చిరి. అటుపిమ్మట ఒకనాడు ఆ పిల్ల తండ్రి మా గడప చెంతకు వచ్చి, బడి లేదు గనుక అమ్మాయికి దినమున కొక గడియ తెలుగు, లెక్కలు చెప్పుమని అడిగెను. నాకు వయసు మీఱినదనియు, రోగభయము తీఱనిమ్మనియు చెప్పి పంపితిని. ఆనాటికి ఆ మాట న్యాయమే కావచ్చును. కాని ఆ శీతకాలమున భయము తగ్గినది, నేను గుడికి పోవుచుంటిని, నలుగురితో ముచ్చటించుచుంటిని. ఆ పిల్లను మాత్రము పిలువలేదు. సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వము టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు చెప్పించినది. వారి యింట ఉన్నది ఒకే ఫోను. అది తండ్రితోడనే పనికి పోవును. దీపావళి దాటునప్పటికి ఆ పిల్ల పత్తి ఏరుటకు పోవుట చూచితిని. మఱుసటి సంవత్సరము తల్లిదండ్రులతో పూనాకు పోయినది. దూరముగా నుండుట వేఱు, విముఖుడగుట వేఱు. మొదటిది రోగమునకై చేసితిని. రెండవది ఎందులకు చేసితినో నాకు ఈనాటికిని సమాధానము దొరకలేదు.

ఇచ్చట అసలు ప్రశ్న పుట్టుచున్నది. ఈ పతనము దైవకృతమా, మానవకృతమా? "మహమ్మారి వచ్చినది, మన చేతిలో నేమున్నది" యని పెద్దలును ప్రభువులును అనుట వినియున్నాము.

మహాభారతము అనుశాసనపర్వమున ధర్మరాజు భీష్ములవారిని ఈ ప్రశ్ననే అడిగెను. దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా? భీష్ములు బ్రహ్మవసిష్ఠ సంవాదమును చెప్పి, అందులో దైవమును విత్తనముతోను పురుషప్రయత్నమును పొలముతోను పోల్చిరి. రెండును కూడిననే పంట. మా ప్రాంతపు రైతు కీ ఉపమానమును వివరింప నక్కఱలేదు. మహమ్మారియను విత్తనమును ఎవరు చల్లిరో మన మెఱుగము. అది పడిన పొలము మాత్రము మనదే. ఒకే రోగము ఒక యింటి గుమ్మములో నాలుగు దినముల జ్వరమైనది, ప్రక్కయింట పదేండ్ల అప్పైనది, ఇంకొక యింట ఒక పిల్ల చదువైనది. విత్తనము ఒకటే, పొలములు వేఱు. 2021 సంవత్సరాంతమునకు సంపన్న దేశములు మూడవ మోతాదు టీకా వేసికొనుచుండగా, ఆఫ్రికా ఖండమున నూటికి పదిమందికైనను రెండు మోతాదులు పూర్తి కాలేదు. దీనిని దైవమని యెట్లందుము?

చరక సంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమను అధ్యాయము కలదు. ఊళ్లకు ఊళ్లు ఒక్కసారి రోగమున కెరయగుట యెట్లు, మనుష్యుల ప్రకృతులు వేఱువేఱుగా నుండగా అందఱికి ఒకే వ్యాధి యేల వచ్చును, అని అందలి ప్రశ్న. గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగు అందఱికి ఉమ్మడివి గనుక అవి చెడినపుడు అందఱును చెడుదురని ఆత్రేయుడు చెప్పెను. వానిని చెఱచునది అధర్మమనియు, దానికి మూలము ప్రజ్ఞాపరాధమనియు, అనగా తెలిసి తెలిసి చేయు తప్పనియు చెప్పెను. నాకు అంతకన్న ముఖ్యముగా తోచినది వేఱొకటి. గంగాతీరమున కాంపిల్యనగరము చెంత విహరించుచు ఆయన శిష్యుడగు అగ్నివేశునితో ముందే ఓషధులను సేకరింపుమనెను. ఉపద్రవము వచ్చిన పిదప భూమి సారహీనమగును, అప్పుడు పెఱికిన మూలిక పనిచేయదని కారణము. క్షేమమునకు ఇంతకన్న వేఱు వ్యాఖ్యానము కావలెనా?

ముందే సేకరించిన ఓషధి యెట్లు పనిచేయునో మన హైదరాబాదులోనే చూడవచ్చును. నల్లకుంటలోని జ్వరాసుపత్రిని ముసలివారు ఇప్పటికిని కోరంటి దవాఖానా యందురు. అంటురోగులను వేఱుగా నుంచుటను ఆంగ్లమున క్వారంటైను అందురు. జనుల నోట అది కోరంటి యైనది. నూఱేండ్లనాటి ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా దినములు ఎట్టివనగా, 1911కును 1921కును నడుమ భారతదేశపు జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గినది. జనాభా లెక్కలలో అట్టి దశాబ్దము మఱియొకటి లేదు. ఆనాటి భయములో పుట్టిన ఆ దవాఖానా, భయము పోయిన పిదప మూతపడక నిలిచియుండుటచేత 2020లో మరల అక్కఱకు వచ్చినది. రోగము తగ్గగానే మంచములను అమ్మివేసిన యెడల ఏమగునో ఊహింపుడు.

అట్లే ఆ దుర్దినములలో మా యూరివారిని నిలిపినవి క్రొత్తగా కనిపెట్టినవి కావు, ముందునుండి ఉన్నవే. చౌక దుకాణ మున్నది గనుక 2020 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము కార్డులో పేరున్న మనిషికి 12 కిలోల బియ్యము, కార్డుకు 1,500 రూపాయలు ఇయ్యగలిగినది. 2006లో ఆరంభమై, మొదటి విడతలోనే మహబూబునగరము జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ పని ఉన్నది గనుక, పట్టణమునుండి తిరిగివచ్చినవాడు పలుగు పట్టి కుంటలో మన్ను త్రవ్వి గంజి త్రాగెను. 2020-21లో దేశమంతట సుమారు 389 కోట్ల పనిదినములు ఆ పథకమున జరిగినవి. అంతకుముందెన్నడును అన్ని జరుగలేదు. కార్డు లేనివాని గతి, పేరు ఎక్కనివాని గతి వేఱు చెప్పవలెనా? ఎచ్చట కట్ట తెగియున్నదో నీరు అచ్చటనే పోవును.

కట్ట యంటిని గనుక చెఱువు సంగతి చెప్పెదను. సప్తసంతానములలో తటాకమును పెద్దలు చేర్చిరి. చెఱువు త్రవ్వించినవాని పేరు శాసనముల కెక్కును. కాని దానిని బ్రతికించినవాడు శాసనములలో నుండడు. వాడు నీరడి. వానలకు ముందు కట్టపై పొదలు నరికి, తూము చూచి, అలుగు చూచి, ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు పాఱవలెనో చూచెడివాడు. వానికి ఊరు ఇనాము భూమి యిచ్చినది, కళ్లములో మానిక యిచ్చినది. చెఱువు యోగము, నీరడి క్షేమము. పూర్వులు రెండింటికిని వ్యయము చేసిరి. మన కాలమున శంకుస్థాపనకు వచ్చువారు పదుగురు, తూము చెడిన చూచువాడు ఒకడును లేడు. నా మాట కటువుగా నున్న పాఠకులు క్షమింపవలెను. సుస్థిరాభివృద్ధి లక్ష్యములకు కూడ ఇట్లే యైనదని నా తలంపు. మహమ్మారికి పూర్వమే, 2019లోనే, గడువునకు చేరునట్లు లేమని ఐక్యరాజ్యసమితి ఒప్పుకొనెను. 2023లో లెక్క చూడగా పరిశీలించిన ఉపలక్ష్యములలో సరియైన దారిలో నున్నవి నూటికి పండ్రెండు; 2015 నాటి చోటనే నిలిచినవి, అంతకన్న వెనుకకు పోయినవి ముప్పదికి పైగా. 2024లో దారిలో నున్నవి పదునేడని చెప్పిరి. వరద కట్టను తెంపలేదు. బీటలు వాఱిన కట్టమీదికి వరద వచ్చినది.

ఇచ్చట మన సంప్రదాయస్థుడు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "యోగక్షేమములను స్వామియే వహించునని ఒకప్రక్క చెప్పుచు, కట్టలు తూములు మనల చూడుమందువేమి? అది శరణాగతికి విరుద్ధము కాదా?" మంచి ఆక్షేపణయే. ఒక కథ పెద్దలవలన వినియున్నాము. ఒక పండితుడు, భగవంతుడు బరువు మోయునా, ఇప్పించునేమో గాని యని శంకించి గీతలోని ఆ క్రియాపదమును గీటి మాఱు పదము వ్రాసెనట. ఆ మధ్యాహ్నమున బియ్యపు బస్తాలు మోసికొని ఇద్దఱు బాలురు అతని యింటికి వచ్చిరనియు, వారి వీపున గీట్లుండెననియు కథ. మోయుట స్వామికి నామోషి కాదని దాని తాత్పర్యము. స్వామియే మోయుచుండగా దాసుడు చేతులు ముడుచుకొని నిలుచుట ఏ సంప్రదాయమున నున్నది? శేషభూతునకు కైంకర్యమే స్వరూపమని గదా మన సిద్ధాంతము. ఫలము మనది కాదనుకొనుట శరణాగతి. పనియే మనది కాదనుకొనుట సోమరితనము.

మన దేవాలయములే ఇందుకు సాక్ష్యము. 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచినది; సామాన్య భక్తులకు మరల దొరికినది జూన్ 11న. ఆ సంవత్సరపు బ్రహ్మోత్సవములు ఏకాంతముగా జరిగినవి. 2020లోను, 2021లోను భద్రాద్రి రాముని కల్యాణము భక్తులు లేకయే జరిగినది. శ్రీరామనవమికి శిరసనగండ్లకు బండ్లు కట్టుకొని పోవు మా ప్రాంతమువారు ఆ కల్యాణమును టీవీలో చూచి అక్షతలు తలపై వేసికొనిరి. అయినను సుప్రభాతము మొదలు ఏకాంతసేవవఱకు తిరుమలలో ఏ కైంకర్యమును తప్పలేదు. జనము లేరు, హుండీ లేదు. ఆరాధన యేల ఆగలేదు? పూలు కట్టువాడెవడో, తీర్థము తెచ్చువాడెవడో, వంట చేయువాడెవడో, వానికి జీవనము ఎట్లో, పూర్వులు ఏర్పాటు చేసి యుంచిరి. ఆనాటి రాబడిపై ఆనాటి నైవేద్యము ఆధారపడియుండలేదు. ఆనాటి కూలిపై ఆనాటి అన్నము ఆధారపడిన యింట మాత్రము పొయ్యి ఆఱినది. స్వామి వంటశాలకు మనము చేసిన ఏర్పాటు ఆయన బిడ్డల వంటశాలకు ఏల చేయలేదని ఆయన అడిగిన, మన యొద్ద ఏ ప్రమాణ మున్నది?

ఆ పూనా పిల్ల సంగతి ముగింపవలెను. 2024లో నాయనమ్మను చూచుకొనుటకు ఊరికి తిరిగి వచ్చినది. సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునని ఎవరో చెప్పగా, దరఖాస్తు పట్టుకొని తానే మా గుమ్మములోనికి వచ్చినది. ఈ పర్యాయము నేను కాదనలేదు. పత్తి చేను పని లేని సాయంకాలములలో వచ్చి కూర్చుండును. ఏడవ తరగతిలో నేర్చినదానిలో సగము మఱచినది; భిన్నములు మొదటినుండి చెప్పవలసి వచ్చినది. మొన్న లేఖారచన పాఠము వచ్చినది. తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాయుట యను అంశము. మొదటి వాక్యము నేను చెప్పితిని, ఆమె వ్రాసినది. వ్రాసి కొంతసేపు ఊరకుండి, "పంతులుగారూ, మంచిగ లేకుంటె ఏమని రాయాలె?" అని అడిగినది. ఉన్నది ఉన్నట్లే వ్రాయుమంటిని. అట్లు వ్రాసిన మార్కులు పోవునేమో యని ఆమె అనుమానపడినది.